చొక్కా చింపిన కబురు

ద్రెనోవో
19 ఆగస్టు 1984

ఒరేయ్ నెగోవాన్,

నువ్వు బస్సెక్కినప్పుడు మీ అమ్మ నీ వెనకాల చెంబుడు నీళ్లు పోసింది కదా, ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగాలని. పోర్చుగల్ దాకా చెంబుడు నీళ్లేం సరిపోతాయని, నేను నా పంక్చర్ షాపులో ట్యూబులు ముంచే తొట్టి మొత్తం ఎత్తి పోశాను. బస్సు వెనక కిటికీ తెరిచి ఉందని నాకేం తెలుసు? ఆ కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ మొన్న సంతలో కనబడి, నన్ను చూసి గొడుగు తెరిచింది. ఎండ మండిపోతోందిరా అప్పుడు!

నీ పెళ్లాం నెవెంకా బాగుంది. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల కదా, ఈసారి మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఇంక విమానమెక్కి నీ వెనకాల ఏం వస్తుంది? మీ అమ్మ ఆ పిల్లని మంచం దిగనివ్వడం లేదు. జనవరిలో పురుడు. అప్పటిదాకా ఇలాగే ఉంచితే మంచం కోళ్లకి వేళ్లు పుట్టుకొస్తాయని అన్నాను. అక్క చెక్క గరిటె విసిరింది. గురి బాగుంది. మీ ఇంట్లో బంతి ఆడాల్సింది నువ్వు కాదు, ఆవిడ.

దిగులు పెట్టుకోకు. ఇరవై ఎనిమిదేళ్లు నిండేదాకా ఫుట్‌బాల్ ఆటగాణ్ణి దేశం దాటనివ్వరని నువ్వెన్నేళ్లు పళ్లు కొరుక్కున్నావో నాకు తెలుసు. ఇప్పుడు దాటావు. కొత్త సంవత్సరం దాకా చూసి, ఉంచుకునేదీ పంపేసేదీ చెప్తామన్నారు కదా వాళ్లు? బాగా ఆడు. తిరిగొస్తే నా షాపులో చోటు లేదు. ఉన్న ఒక్క ముక్కాలి పీటా నాదే.

అసలు సంగతి మర్చిపోయా. మన ఊరి క్లబ్బు వాళ్లు నీ బూటొకటి గాజు బీరువాలో పెడతారట. విదేశంలో ఆడుతున్న మొదటి ద్రెనోవో వాడివి మరి. ఎడమ కాలిది పంపు. అదయితే వాడిన గుర్తులు ఉండవు, కొత్తదిలా మెరుస్తుంది.

నీ ఒకే ఒక్క మామ (ఇంకొకడుంటే మీ అమ్మ నా మొహం చూసేది కాదు),
ఓబ్రెన్


పోర్తెలా
6 సెప్టెంబర్ 1984

మామయ్యా,

బూటు పంపించాను. పంపించిన మర్నాడే అమ్మ ఉత్తరం వచ్చింది. క్లబ్బులో బీరువా లేదట. అసలు తలుపే లేదట, చలికాలంలో ఎవరో పొయ్యిలో పెట్టేశారట. ఇప్పుడు నా దగ్గర కుడికాలి బూటు ఒక్కటే ఉంది. సామాన్లు చూసే దోనా అల్బెర్తీనా నా వంక జాలిగా చూసి, పాత జత ఒకటి వెతికి ఇచ్చింది. ఒక నెంబరు చిన్నది. నీ పేరు తలుచుకుంటూ పరిగెడుతున్నాను.

ఇంతవరకూ ఒక్క మ్యాచిలోనూ దించలేదు. కోచ్ ఏమంటున్నాడో అర్థం కాదు. నాకున్న దిక్కల్లా బ్లాగోటా. అదే, మన పక్క మోంటెనెగ్రో వాడు, మన భాషే మాట్లాడతాడు, రెండేళ్ల నుంచీ ఇక్కడే ఆడుతున్నాడు. నిన్న కోచ్ పావుగంట చేతులు తిప్పుతూ మాట్లాడాడు. "ఏమంటున్నాడ్రా?" అని అడిగితే బ్లాగోటా ఆవులించి, "పరిగెత్తమంటున్నాడు" అన్నాడు. "అంతేనా?" అన్నాను. "మిగతాదంతా కూడా అదే" అన్నాడు.

పొద్దున చేప, మధ్యాహ్నం చేప, రాత్రి చేప. ఊళ్లో గాలి కూడా చేపల డబ్బాల వాసనే. మిరపకాయ పచ్చడి పంపించమని అమ్మకి చెప్పు.

ఒక్క మాట మామయ్యా, ఇది నవ్వులాటకి కాదు. నా మీద ఎన్ని వేషాలైనా వెయ్యి. నెవెంకా మీదా, పుట్టబోయే వాళ్ల మీదా మాత్రం వద్దు. నేను ఇక్కడున్నాను, పరిగెత్తుకుని రాలేను. అందుకని ఇప్పుడే చెప్తున్నా, వాళ్ల గురించి నువ్వేం రాసినా నేను నమ్మను. చర్చిలో కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చేసి రాసినా సరే.

నీ అల్లుడు,
నెగోవాన్


ద్రెనోవో
30 సెప్టెంబర్ 1984

ఒంటి బూటు దొరగారికి,

నీ బూటు భద్రంగా ఉంది. షాపు తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టా. చూశావా, ఈ ఊళ్లో నీ ఎడమ కాలు ఒక గోల్ ఆపడం ఇదే మొదటిసారి.

నన్ను నమ్మనన్నావు. పోనీ. నేను చదివింది నాలుగో తరగతి, నన్ను మా పంతులే నమ్మలేదు, నువ్వెంత! అక్కకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, ఆ ముక్క దగ్గర ఆపి "మళ్లీ చదువు" అంది. చదివా. "ఇంకోసారి" అంది. ఆవిడ అంత సంతోషంగా నవ్వడం మీ నాన్న పోయాక ఇదే చూడ్డం.

నెవెంకాని చాచక్ ఆసుపత్రిలో పెట్టారు. కంగారు పడకు, ఇది మీ అమ్మే రాయమంది, పక్కనే కూర్చుని ఉంది. ఊరికే చూసుకోడానికే. నేను రోజు విడిచి రోజు సూపు పట్టుకెళ్తున్నాను. బస్సులో సగం ఒలికిపోతుంది, మిగతా సగం నెవెంకా వద్దంటుంది, నేనే తాగి వస్తున్నాను. ఒళ్లు చేశాను.

నాకు ఒకటే బెంగ. మన దగ్గర కొడుకు పుట్టాడని కబురు తెలిస్తే తండ్రి ఒంటి మీద చొక్కా మిగులుతుందా? నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న చొక్కా చింపింది నేనే. కాలరొక్కటే మెడలో మిగిలింది, దాంతోనే ఊరంతా తిరిగాడు. నీ చొక్కా చింపడానికి అక్కడ ఎవరున్నారు? అందుకని ఆ మోంటెనెగ్రో సోమరిపోతుకి ఒక ఉత్తరం పడేశాను. "బాబూ బ్లాగోటా, కబురు నీకే పంపిస్తాను, మా వాడు నా మాట నమ్మడు. మేనమామ చేయాల్సిన పని నా బదులు నువ్వు చెయ్యి" అని. వాడు అప్పుడే టెలిగ్రాంలో జవాబిచ్చాడు. బద్ధకానికి పేరుపడ్డ మోంటెనెగ్రో వాడు అంత త్వరగా జవాబిచ్చాడంటే విషయం ఎంత గట్టిగా పట్టించుకున్నాడో చూసుకో.

నమ్మదగని మామ,
ఓబ్రెన్


చాచక్
4 నవంబర్ 1984

నెగోవాన్,

ఈ తెల్లవారుజామున నీకు కొడుకు పుట్టాడు. నెలలు నిండకుండానే వచ్చాడు. రెండు కిలోలు కూడా లేడు. గాజు పెట్టెలో పెట్టారు, లోపల వెచ్చగా ఉంటుందట. నెవెంకాకి ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాడు. నీరసంగా ఉంది. నిద్రపోతోంది.

బాబు సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. వారం, పది రోజులు చూడాలన్నారు.

మీ అమ్మ ఇక్కడే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను. షాపు మూసేశాను.

నువ్వు బాగా ఆడు.

నీ మామ,
ఓబ్రెన్


పోర్తెలా
7 నవంబర్ 1984

మామయ్యా,

ఇది నీ పనే అయితే ఈ జన్మలో నీ గడప తొక్కను.

ఆదివారం నన్ను మొదటిసారి దించారు. మా వాడొకడికి జ్వరం వచ్చింది. నేను బాగా ఆడానని నాకే తెలుస్తోంది, జనం కూడా చప్పట్లు కొడుతున్నారు. ఒక గోల్ ముందున్నాం. ఇంకొక పావుగంటలో అయిపోతుంది. బంతి బయటికి పోయింది, కార్నర్ కొట్టబోతున్నారు. అప్పుడు పక్కన బల్ల మీద కూర్చున్న బ్లాగోటాకి క్లబ్బు గుమాస్తా ఒక టెలిగ్రాం తెచ్చిచ్చాడు.

మామయ్యా, వాడు రెండేళ్లలో ఎప్పుడూ అలా పరిగెత్తలేదట. మైదానం మధ్యలోకి దూసుకొచ్చి, "కొడుకురా!" అని ఒక్క అరుపు అరిచి, నా మెడ దగ్గర చొక్కా రెండు చేతుల్తో పట్టుకుని పొట్టదాకా చీల్చేశాడు. అంతటితో ఆగాడా? వెనక్కి తిప్పి వీపు మీదది కూడా చింపాడు. చింపి, కావలించుకుని ఏడుస్తున్నాడు.

ఇక్కడి వాళ్లకేం కనబడింది? ఒకే జట్టు వాళ్లిద్దరు మ్యాచి మధ్యలో కొట్టుకుంటున్నారు. అది చాలదన్నట్టు క్లబ్బు గుర్తున్న చొక్కా ముక్కలై కింద పడింది. ఆ గుర్తుని వీళ్లు గుళ్లో పటంలా చూసుకుంటారు. మైదానమంతా ఈలలు. రిఫరీ చింపినవాడికీ, చింపించుకున్నవాడికీ ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించి బయటికి పంపాడు. ఒకడు తక్కువై మావాళ్లు రెండు గోల్స్ తిన్నారు. మర్నాడు పేపర్లో నా ఫోటో వచ్చింది, ఒంటి మీద కాలరొక్కటే.

ఇద్దర్నీ ఆట నుంచి ఆపేశారు. పదిహేనో తారీఖున పెద్దలంతా కూర్చుని ఉంచాలా, ఇంటికి పంపాలా తేలుస్తారట. బ్లాగోటా వాళ్లకి వివరంగా చెప్పానన్నాడు. "ఏం చెప్పావు?" అంటే "మా దగ్గర సంతోషమొస్తే ఇలాగే చేస్తామని చెప్పా" అన్నాడు. "వాళ్లేమన్నారు?" "మరి కోపమొస్తే ఏం చేస్తారని అడిగారు."

అదంతా పోనీ. ఆ టెలిగ్రాంలో ఉన్నది ఇంతే: "కొడుకు. చొక్కా చింపు. ఓబ్రెన్." పురుడు జనవరిలో కదా? ఇది నవంబరు! ఆసుపత్రికి ఫోన్ లైను కలవడం లేదు. అమ్మకి టెలిగ్రాం కొడితే విప్పకుండానే గుండె ఆగిపోతుంది. ఊళ్లో పోస్టాఫీసుకి ఫోన్ చేస్తే రొసాందా దొరికింది. "నాకేం తెలీదు నాయనా. ఓబ్రెన్ కొట్టమంటే కొట్టా. పోయినేడు నాకు పెళ్లిచూపులున్నాయని కొత్త గౌను కుట్టించి రోజంతా గుమ్మంలో నిలబెట్టినవాడి మాట నేను నమ్ముతానా?" అంది.

నిజమైతే వాళ్లెలా ఉన్నారో రాయి. అబద్ధమైతే అసలు రాయకు.

నెగోవాన్


పోర్తెలా
14 నవంబర్ 1984

మామయ్యా,

నువ్వు నాలుగో తారీఖున రాసిన ఉత్తరం ఇవాళ చేరింది.

మూడుసార్లు చదివాను. వెనక్కి తిప్పి చూశాను, కవరు దులిపి చూశాను. అందులో ఒక్క వెటకారం లేదు. నువ్వు మా నాన్న చనిపోయినప్పుడు కూడా శవపేటిక మోస్తూ "పొట్టివాడని చెప్పి మోసం చేశాడు, ఇంత బరువున్నాడు" అని నా చెవిలో అన్నవాడివి. నేను ఏడుపు మధ్యలో నవ్వాను, గుర్తుందా? అలాంటి నువ్వు "నీ మామ, ఓబ్రెన్" అని రాసి సంతకం పెట్టావు.

ఇంక నాకేం చెప్పక్కర్లేదు. వాడు లేడు కదా? లేడని రాయడానికి నీకు చెయ్యి రాక గాజు పెట్టె అనీ, వారం చూడాలనీ రాశావు. నెవెంకాకైనా ఏమీ కాలేదు కదా?

పెట్టె సర్దేశాను. రేపు పెద్దలు తేల్చకముందే నేనే వెళ్లి చెప్పేస్తాను, పోతున్నానని. మధ్యలో వదిలి పోతే ఇంకే క్లబ్బూ నన్ను తీసుకోదని బ్లాగోటా అంటున్నాడు. అననీ. నెవెంకా ఒక్కతే ఉండగా ఇక్కడ బంతి తన్నుతూ ఉండలేను.

ఈ ఉత్తరం కన్నా ముందు నేనే వస్తానేమో.

నెగోవాన్


చాచక్
17 నవంబర్ 1984

ఒరేయ్ గాడిద కొడకా (ఇది మీ నాన్నని అన్నది కాదు, నిన్నే),

నిన్నగాక మొన్న నీతో ఫోన్లో మాట్లాడాను కదా. అసలేం జరిగిందో ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెప్తున్నా.

వాడు పుట్టిన పొద్దున, గాజు పెట్టె బయట నిలబడి చూశాను. కుందేలు పిల్లంత ఉన్నాడు. అప్పుడు నేను పెట్కా తల్లికి మొక్కుకున్నాను. ఆడవాళ్లనీ పసిపిల్లల్నీ కాచేది ఆవిడే కదా. నా దగ్గర ఇవ్వడానికేముంది? టైర్లు. ఆవిడేం చేసుకుంటుంది? అందుకని నాకున్న ఒకే ఒక్కటి ఇచ్చా. "తల్లీ, వీడు ఆ పెట్టెలోంచి బయటికొచ్చేదాకా ఈ నోటితో ఒక్క వేళాకోళం ఆడను, ఒక్క అబద్ధం చెప్పను" అని. మొక్కు బయటపెడితే ఫలించదంటారు, అందుకని ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ నాకు జబ్బేమోనని నుదురు పట్టి చూసింది. నర్సు మిలోయ్‌కా అయితే నేను చాలా మర్యాదస్తుణ్ణనుకుంటోంది. ఆ ఉత్తరం అందుకే అలా రాశా. టెలిగ్రాం మాత్రం మొక్కుకోకముందే, ఆసుపత్రి నుంచి మన ఊరి పోస్టాఫీసుకి ఫోన్ చేసి కొట్టించేశా. ఎవరి పేరు పెట్టమంటావని రొసాందా అడిగితే, ఇంకొకరి పేరు చెబ్దామని నోటిదాకా వచ్చింది కానీ, కొడుకు పుట్టిన రోజున ఎందుకులే అని నా పేరే చెప్పా. నిజం చెప్తే ఇలాగే తగలడుతుంది.

మొన్న మిలోయ్‌కా పరిగెత్తుకొచ్చి, "పోర్చుగల్ నుంచి ఫోను, బాబు తాలూకు మగవాళ్లెవరైనా ఉన్నారా?" అంది. తీశా. నువ్వు. "మామయ్యా, నిజం చెప్పు" అన్నావు. "బాగున్నాడు, పాలు తాగుతున్నాడు" అన్నా. నిజమేరా అది! నువ్వేమో "అబద్ధం" అన్నావు. "నెవెంకా కూడా బాగుంది" అన్నా. "మామయ్యా, నీ గొంతు అలా ఎందుకుంది? ఏదో ఒకటి అను. ఒక్క ఎకసెక్కం ఆడు, నమ్ముతాను. లేకపోతే వచ్చేస్తున్నాను" అన్నావు.

నా పరిస్థితి చూడు. అక్కడ గాజు పెట్టెలో వాడు. ఇక్కడ చెవిలో నువ్వు ఏడుస్తున్నావు. మొక్కు నిలబెట్టుకుంటే నీ బతుకు పోతుంది. మొక్కు తప్పితే... ఆ మాట రాయడానికి కూడా నాకు భయంగా ఉంది. నర్సు "ఏమైందండీ?" అంటోంది.

చివరికి అనేశా. "ఒరేయ్, ఎడమ కాలు అచ్చం నీదే. ఊరికే గాల్లో తన్నుతున్నాడు, దేనికీ తగలడం లేదు" అని.

నువ్వు అక్కడ నవ్వావో, ఏడ్చావో, వెనకాల ఎవరో అరుస్తున్నారు, లైను తెగిపోయింది.

నేను అక్కణ్ణించి బస్సెక్కి సరాసరి మన ఊరి చర్చికి పోయా. ఫాదర్ విటోమిర్ మైనపు మరకలు గీకుతున్నాడు. జరిగిందంతా చెప్పి, "ఇప్పుడు వాడికేమన్నా అవుతుందా ఫాదర్?" అని ఏడ్చేశా. ఆయన గీకుడు ఆపి నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఓబ్రెన్, పెట్కా తల్లికి నీ సంగతి నాకన్నా ముందునుంచీ తెలుసు. నీ మాట నమ్ముకుని ఆవిడ కూర్చుని ఉండదు. తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది" అన్నాడు. అవమానమనిపించింది. ప్రాణం కూడా లేచొచ్చింది.

అయినా ఆ రాత్రీ, నిన్నా గాజు పెట్టె ముందే కూర్చున్నా. నోరు కుట్టేసుకుని. ఇవాళ పొద్దున డాక్టరొచ్చి వాణ్ణి బయటికి తీసి, దుప్పట్లో చుట్టి, నెవెంకా చేతుల్లో పెట్టాడు. "ఇంక పెట్టె అక్కర్లేదు" అన్నాడు. మీ అమ్మ డాక్టరు చెయ్యి ముద్దు పెట్టుకుంది. నేను కూడా పెట్టుకోబోతే, గెడ్డం గుచ్చుకుంటుందని చెయ్యి లాక్కున్నాడు.

రావొద్దు. ఆడు. నీ చోటు ఉందో పోయిందో రాయి.

మొక్కు తీరిన మామ,
ఓబ్రెన్


పోర్తెలా
26 నవంబర్ 1984

మామయ్యా,

నీ ఉత్తరం మొత్తం బ్లాగోటాకి చదివి వినిపించాను. ఎడమ కాలి దగ్గర వాడు కుర్చీలోంచి పడ్డాడు. తర్వాత లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చాడు.

ఇక్కడ ఏం జరిగిందో విను. నేను పెద్దల గదిలోకి పెట్టె పట్టుకునే వెళ్లాను. క్లబ్బు పెద్ద సెన్యోర్ తెల్మో, చేపల డబ్బాల కర్మాగారం ఆయనదే, కొరకొరా చూస్తున్నాడు. బ్లాగోటాతో, "పోతున్నానని చెప్పు, నా కొడుకు లేడేమోనని చెప్పు" అన్నాను. మామయ్యా, వాడు నా మాటని ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటా. తెల్మో లేచి, తన బల్ల మీది ఫోను నా ముందుకు తోసి, గుమాస్తా అమ్మాయితో ఆసుపత్రికి కలిపేదాకా కదలొద్దన్నాడు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు.

నువ్వు "బాగున్నాడు" అన్నప్పుడల్లా నా మొహం పాలిపోవడం వాళ్లంతా చూస్తున్నారు. తర్వాత నువ్వు ఆ మాట అన్నావు. నేను బల్ల మీద పడి నవ్వానట. నాకు గుర్తు లేదు. "ఏమన్నారు? ఏమన్నారు?" అని తెల్మో బ్లాగోటాని కుదిపేస్తున్నాడు. వాడు లేచి నిలబడి చెప్పాడు. గది గొల్లుమంది. కోచ్ అయితే కళ్లు తుడుచుకుంటూ, నా ఎడమ కాలు చూపించి "నిజమే, నిజమే" అంటున్నాడు. అది నాకు తర్జుమా లేకుండానే అర్థమైంది.

చొక్కా చింపడమంటే ఏమిటో అప్పుడు నెమ్మదిగా చెప్పాం. తెల్మోకి అయిదుగురు కొడుకులట. అంతా విని, "ఈ పద్ధతి మాకు లేకపోవడం మంచిదైంది, నాకు చొక్కాలే మిగిలేవి కావు" అన్నాడు. మూడు మ్యాచులు ఆపారు, అంతే. మళ్లీ పుట్టినప్పుడు క్లబ్బు చొక్కా కాకుండా సొంత చొక్కా చింపుకోవాలని గట్టిగా చెప్పారు.

కొత్త సంవత్సరం దాకా ఆగకుండానే చెప్పేశారు మామయ్యా. వేసవి దాకా ఉంచుకుంటున్నారు. ఆ తర్వాత ఇంకో ఏడాది కూడా ఉండొచ్చట. మార్చిలో వాళ్లిద్దర్నీ తీసుకొచ్చేయొచ్చని డాక్టరు అంటాడేమో అడుగు.

పెట్టె విప్పి బట్టలు మళ్లీ మేకులకి తగిలించాను. రాత్రి చేప పెట్టారు. రెండోసారి వడ్డించుకున్నాను.

నెగోవాన్


ద్రెనోవో
9 డిసెంబర్ 1984

ఒరేయ్ తండ్రీ,

నీ కొడుకు మొన్న ఇంటికొచ్చాడు. మార్చిలో ప్రయాణం చేయొచ్చన్నాడు డాక్టరు. మీ అమ్మ అప్పుడే దోనా అల్బెర్తీనాకి మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది. ఆవిడ కాలి కొలత తెలీదు, అందుకని పెద్దవీ చిన్నవీ కూడా అల్లుతోంది.

నెవెంకా లేచి తిరుగుతోంది. నిన్న పొయ్యి దగ్గర నిలబడి, "ఓబ్రెన్ మామయ్యా, మీరు ఆసుపత్రిలో మౌనంగా ఉన్న ఆ రోజులు ఎంత బాగున్నాయో" అంది. అచ్చం నాలాగే తయారవుతోంది.

ఊరంతా చూడ్డానికి వస్తున్నారు. మన వాళ్ల సంగతి తెలుసుగా, దిష్టి తగలకూడదని ఒక్కరూ బాగున్నాడని అనరు. రొసాందా ఉయ్యాల మీదికి వంగి, "అబ్బ, ఎంత అనాకారి!" అంది. ఫాదర్ విటోమిర్ "ముడతలు పడ్డ ముసలాడిలా ఉన్నాడు" అన్నాడు. తిట్టిన కొద్దీ మీ అమ్మ మురిసిపోయి, వాళ్ల గ్లాసుల్లో ప్లం సారా నింపుతోంది.

నేను నోరు జారా. వాడు పడుకుని, పిడికిలి బుగ్గ కింద పెట్టుకుని ఉన్నాడు. చూసి చూసి, "వీడంత అందగాడు ఈ ద్రెనోవోలో ఇంతవరకూ పుట్టలేదు" అనేశా. ఫాదర్ విటోమిర్ గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. మీ అమ్మ మొహం తెల్లబోయింది. అంతలో రొసాందా మీ అమ్మ వైపు చెయ్యి ఊపేసి, "పోనీలే దెసాంకా, అన్నది ఓబ్రెనేగా, ఎవరు నమ్ముతారు!" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అలా తేలిందిరా అల్లుడూ, దిష్టి తగలకుండా వాణ్ణి పొగిడే హక్కు ఈ ఊళ్లో నాకొక్కడికే ఉంది. షాపు సాయంత్రాలు తెరుస్తున్నా. పొద్దున్నించీ ఉయ్యాల పక్కన కూర్చుని, వాడికి నిజాలే చెబుతున్నా.

ఓబ్రెన్